తూర్పు పక్కది

మా ఆవిడ ఉష నన్ను వంకాయలు కొనడానికి కూడా పంపదు. పుచ్చులు ఏరి మరీ తెస్తానట. అలాంటి నాకు, రాజాంలో మా చెరువుకు విలువ కట్టే పని మున్సిపాలిటీ వాళ్లు అప్పజెప్పారు.

చెరువు కప్పేస్తారన్న మాట ఊళ్లో ఎప్పట్నుంచో నలుగుతోంది. జనానికి అది కావాలని నా సర్వేలో తేలితే ఉంచుతారు. లేదంటే లారీలతో మట్టి దిగుతుంది. నేను ఈత నేర్చుకున్న చెరువు! ఎలాగైనా నిలబెట్టాలని మెడలో కార్డు, చేతిలో ట్యాబుతో గట్టెక్కి కూర్చున్నాను.

మొదటిరోజు ఎవరూ ఆగలేదు. "చెరువు వల్ల మీకు కలిగే ప్రయోజనం?" అని ఒకాయన్ని అడిగాను. "దోమలు" అనేసి పోయాడు.

గట్టు మీద చేపలమ్మే జగ్గమ్మకు నన్ను చూస్తే జాలేసింది.

"నన్నడుగు బాబూ. ఏటి కావాల?"

పేరు, ఇంట్లో ఎంతమంది, సొంతిల్లా అద్దిల్లా, అన్నీ అడిగాను. తీరా చెరువు ప్రశ్నకొచ్చేసరికి ఆమెకు బేరం తగిలింది. లేచి వెళ్లిపోయింది. నా అదృష్టం అలాగే ఉంటుంది లెండి.

మర్నాడు వెళ్లేసరికి గట్టంతా తీర్థంలా జనం!

"మీకిది కావాలా?" అన్నాను.

"కావాల బాబూ! ఏళ్ల తరబడి ఎదురుసూత్తన్నాం" అన్నాడు ఆటో ఎర్రన్న.

"దీనికోసం చేతి డబ్బు కూడా పెట్టుకుంటారా?"

"పుస్తెలమ్మయినా పెడతాం. పిల్లల బతుకు బాగుంతాది" అంది వాళ్లావిడ.

"నాకు మాత్రం తూరుపు పక్కది రాయండి" అంది టైలరు ఈశ్వరి.

సూర్యోదయమంటే ఎంత ఇష్టమో పాపం! 'సౌందర్య విలువ' అని కొట్టాను. ఇద్దరు మగాళ్లు గట్టు పొడవునా అడుగులో అడుగేసుకుంటూ నడుస్తున్నారు. 'ఆరోగ్య విలువ'. ఒక ముసలమ్మ నీటి అంచున రాయి పాతి, పసుపు రాసి దండం పెట్టింది. 'ఆధ్యాత్మిక విలువ'. నాకు కళ్లనీళ్లాగలేదు. ఎకనామిక్స్ చదివినందుకు జన్మలో మొదటిసారి గర్వపడ్డాను.

వెంటనే ఉషకు ఫోన్ చేశాను.

"ఒసేవ్, చెరువును నిలబెట్టేశానే!"

"పుచ్చులేమైనా ఉన్నాయేమో సరిగ్గా చూసుకున్నారా?" అంది.

ఈర్ష్య! ఫోన్ పెట్టేశాను.

పొద్దువాలే వేళ జగ్గమ్మ వచ్చి రెండు కొరమీనులు సంచిలో వేసి నా చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

"అద్దె కట్టలేక సత్తన్నాను బాబూ. దేవుడిలా వచ్చినావు. నువ్వు సల్లగుండాల" అంటూ నా గడ్డం పట్టుకుంది. పొంగిపోయి, నన్ను ఇంకేమైనా అడగాలనుందా అన్నాను.

ఆమె దగ్గరగా వంగి, ఎవరూ వినకుండా నెమ్మదిగా అడిగింది: "మా ఇళ్ల పట్టాలు సెరువు కప్పీసినాక ఇత్తారా, ముందే ఇచ్చెత్తారా?"