తాళం తప్పని కణాలు

"ఆపు! ముందది ఆపు!"

భార్య అరుస్తూ లోపలికి వచ్చేసరికి అతను ఉలిక్కిపడి పాట ఆపేశాడు. చప్పుడు మార్మోగకుండా గోడల నిండా గుడ్ల అట్టలు అంటించిన చిన్న గది అది. కంప్యూటర్‌లో పాటలు కట్టడం అతని పని. వాయిద్యాలుండవు, పాడేవాళ్లుండరు. తలుపు కిర్రుమన్నా, గిన్నె కిందపడ్డా, ఆ చప్పుడుతోనే పాట.

"అవి నా కణాలు కదూ?" ఆమె ఇంకా చెప్పులైనా విప్పలేదు.

ఆమె పరిశోధకురాలు. గాజు పళ్లెంలో గుండె కణాలు పెంచి, అవి కొట్టుకునే చప్పుడు రికార్డు చేసి, తన మందు పనిచేస్తోందో లేదో చూస్తుంది. జబ్బు కణాలు తడబడతాయి. ఆమె మందు వేసినవి మాత్రం గడియారంలా కొట్టుకుంటాయి. ఆ సంగతి పెద్ద సైన్సు పత్రికలో అచ్చయి, లోకమంతా ఔరా అంది. రేపు సభ పెట్టి మరీ ఆమెకు సొంత ల్యాబ్ అప్పగిస్తున్నారు.

"అడక్కుండా తీసుకోవడాన్ని ఏమంటారో తెలుసా? దొంగతనం అంటారు."

"ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటరేగా, నీ ఫోల్డర్ కంటపడింది. విన్నాను, ప్రాణం లేచొచ్చింది డాక్టరమ్మా! అయినా నీ పనీ నా పనీ ఒకటే కదా. ఇద్దరం ఏవో పోగేస్తాం. ఇది కాదు, అది కాదు అని పారేస్తూ కూర్చుంటాం. లోపలెక్కడో దాక్కున్న వరస ఉన్నట్టుండి చేతికి చిక్కుతుంది. దొరకని రోజూ నిద్రుండదు, దొరికిన రోజూ నిద్రుండదు."

ఎన్నాళ్లుగానో చెప్పాలనుకున్న మాట అది. ఆమె ఫక్కున నవ్వింది.

"మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకు. నీది ఆట, నచ్చకపోతే మార్చేస్తావు. నేను గ్రాఫులో ఒక్క చుక్క పక్కకి జరిపితే ఉద్యోగం ఊడుతుంది. ఊడాలి కూడా! ఉన్నది ఉన్నట్టు చెప్పాలి నేను."

అబద్ధం కాదు, నిప్పు కడిగే మనిషి. అయినా అతనికి మనసు చివుక్కుమంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్క పాటైనా బాగుందన్న పాపాన పోలేదు.

"ఆటా? ఆ ఆటకి ఎంత చాకిరీ చేశానో నీకేం తెలుసు! తాగినవాడి నడకలా ఉన్నాయి నీ కణాలు. ఒక్క దెబ్బా తాళంలో పడదు. ఒక్కోదాన్నీ జరిపి వరసలో కూర్చోబెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది."

"జబ్బు కణాలు అలాగే ఏడుస్తాయి మరి. మందు వేసినవి తీసుకుని ఉంటే ఆ బాధే ఉండేది కాదు."

"మందు వేసినవే తీసుకున్నా. ఫోల్డర్ మీద 'మందు' అని నువ్వే రాశావుగా. 'జబ్బు' అన్నదాన్ని ముట్టుకోనే లేదు."

ఆమె మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"ఎప్పుడు?"

"నువ్వు రికార్డులన్నీ ఇంటికి తెచ్చిపెట్టి, మీ అక్క దగ్గరికి వెళ్లావు చూడు, ఆ వారం."

"సరిచేసినవి ఎక్కడ దాచావు?"

"ఎక్కడేంటి? అక్కడే..." అంటూనే ఆగిపోయాడు.

దెబ్బ సరిచెయ్యగానే సేవ్ నొక్కడం పాట కట్టేవాళ్లకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. అదే పేరుతో, అదే ఫోల్డర్‌లో నొక్కుకుంటూ పోయాడు మహానుభావుడు. అసలు చప్పుళ్లు అప్పుడే చెరిగిపోయాయి. ల్యాబ్ కంప్యూటర్‌లో చోటు చాలక అక్కడి కాపీలు ఆమే తీసేసింది. ఊరి నుంచి వచ్చి ఆమె కొలిచినవీ, పత్రికకు పంపినవీ అన్నీ అతను సరిచేసిన దెబ్బలే.

"అంటే... ఆ మందు?"

"పనిచెయ్యదు," అందామె.

అతనికి ఏడుపొచ్చింది. "తప్పంతా నాది. రేపు నేనే వచ్చి అందరి ముందూ చెప్తాను. నీ మీద మాట రానివ్వను."

అంతలో ఆమె ఫోన్ మోగింది. ల్యాబ్ పెద్దాయన. గొంతు గదంతా వినిపించేంత గట్టిది.

"అమ్మా, రేపు సభలో ఆ కణాల చప్పుడు అందరికీ వినిపిద్దాం. ఏ మార్పూ చెయ్యని అసలు రికార్డు నీ దగ్గరుందిగా?"

ఆమె గోడ మీది గుడ్ల అట్టల వంక చూస్తూ ఉండిపోయింది. అటు నుంచి "అమ్మా, వినబడుతోందా?" అని రెట్టించాడాయన.

"ఉంది సార్," అంది చివరికి. "ఒక్క చుక్క కూడా జరపలేదు."

ఫోన్ పెట్టేసి, లేచి, గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"నువ్వన్నదే నిజం. నీ పనీ నా పనీ ఒకటే."