నాలుగో రోజు పాలిష్

ఆ చెక్కముక్కను చూస్తేనే ఎర్నెస్టుకు భయమేస్తోంది.

దానికి లక్క పాలిష్ వేసి, రోజూ పసుపునీళ్లు, చింతపండు పులుసు పోసి, పొయ్యి మీది గిన్నె తెచ్చి పెట్టి చూశాడు. మూడు రోజులు ఎలాగో నిలిచింది. నాలుగో రోజు తెల్లటి మచ్చలు తేలి, పొర గోటికే లేచొచ్చింది.

కూతురు లోయిస్ ఆబిడ్స్‌లో తన ఇంట్లోనే కేకుల వ్యాపారం మొదలుపెడుతోంది. వంటగదిలో టేకు గట్టు నాన్నే చేయాలని పట్టుబట్టింది. చేశాడు. ఇక పాలిష్ ఒక్కటే మిగిలింది. రేపు ఆ పొర లేచి పిండిలో కలిస్తే? ఎవరి బిడ్డో తింటే? రెండు రాత్రులుగా ఆయనకు కంటి మీద కునుకు లేదు.

"ఆరితేరిన చేతికి పరీక్షలేంది?" అని భార్య సుగుణమణి నవ్వింది. ఆయనకు నవ్వు రాలేదు.

చెక్కముక్క తీసుకుని నాంపల్లిలోని విద్యాసాగర్ రంగుల దుకాణానికి వెళ్లాడు.

"లక్క ఆగుతలేదు సేటూ. ఏండ్లకేండ్లు ఆగేది చెప్పు."

"తిండి పెట్టే చెక్కకు వేసే పియు పాలిష్ ఉన్నది. మూడు కోట్లు కొట్టాలె. కోటు కోటుకు నడుమ రోజంతా ఆరనియ్యాలె. వారం దాకా నీళ్లు తగలొద్దు."

"రోజంతానా?"

ఎర్నెస్టు చేతిలోని చెక్కముక్కను మళ్లీ చూసుకున్నాడు. పొద్దున మొదలైన పని మధ్యాహ్నానికల్లా ముగించడమే ఆయనకు అలవాటు.

"గింత భయమెందుకన్నా? నలభై ఏండ్ల సంది పెట్టెలు చేస్తున్నవ్. నీ పాలిష్ పోయిందని ఒక్కలన్న వాపస్ వచ్చిన్రా?"

"రాలె."

"మరింకేం ఫికర్?"

"గదే ఫికర్."

డబ్బా పట్టుకుని బయటపడ్డాడు. దారి పొడుగునా దాని మీది సూచనలే చదువుకుంటూ నడిచాడు. పేరున్న పనివాడు కన్నకూతురి దగ్గరే పరువు పోగొట్టుకుంటాడేమో అనిపించింది.

ఎర్నెస్టు తన దుకాణానికి చేరేసరికి గుమ్మంలో ఆశీష్ నిలబడి ఉన్నాడు. చర్చిలో తెలిసిన కుర్రాడే. అతని ముఖం చూడగానే ఎర్నెస్టుకు వచ్చిన పనేమిటో అర్థమైంది.

కొత్త డబ్బాను మూలన పెట్టి, పాత లక్క సీసా దించాడు. దాని మీద ఆయన చదవాల్సింది ఏమీ లేదు.

"కొలత చెప్పు బిడ్డా."

"మా డాడీ అయిదడుగుల ఎనిమిదంగుళాలు అంకుల్, భూస్థాపన నాలుగింటికి."