శుభ్రం చేయాలా?

“ఒక్క అక్షరం కూడా తీయను,” అన్నాడు ప్రూఫ్ రీడరు.

ఎదురుగా కూర్చున్న ప్రోగ్రామరు ఆ మాట వినడం అప్పటికి మూడోసారి. ఆమె బతిమాలుతూ రాసి తెచ్చిన ఉత్తరాన్ని కూడా ఆయన ఎర్ర పెన్సిలుతో రెండు తప్పులు దిద్ది మరీ వెనక్కిచ్చాడు. ముప్పై ఏళ్లు అచ్చుయంత్రాల పక్కన కూర్చుని రిటైరైన మనిషి, అలవాటు ఎక్కడికి పోతుంది!

ఆమె, మరో పదకొండు మంది కలిసి జీతం బత్తెం లేకుండా మూడేళ్లు కూర్చి తయారుచేసిన, కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ సాఫ్ట్‌వేర్ పేరు ‘తెప్ప’. ఎవరైనా ఉచితంగా కంప్యూటర్లో వేసుకోవచ్చు, తెర మీద ప్రతి మాటా తెలుగే. సోమవారం నలభై లైబ్రరీల్లో దాన్ని ఎక్కించాల్సి ఉండగా, ఈ పెద్దమనిషి ‘తెప్ప ముంచింది’ అంటూ ఇంటర్నెట్లో ఒక సమీక్ష పెట్టాడు. అది చదివి లైబ్రరీ అధికారి జంకాడు. ఈ సాయంత్రంలోగా ఈ గొడవ తేలకపోతే నలభై లైబ్రరీలూ చేజారినట్టే.

“సార్, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎనిమిది తెరలు వస్తాయి. ఏడు బాగున్నాయని మీరే రాశారు. ఒక్కదాని కోసం...”

“ఆ ఒక్కదాని దగ్గరే కదమ్మాయ్ కొంప మునిగింది. నాలుగో తెర ఏమని అడుగుతుంది?”

“డిస్కు శుభ్రం చేయాలా, అని.”

“చేస్తే ఏమవుతుంది?”

“అందులో ఉన్నదంతా పోతుంది.”

లోపలి గదిలో కుట్టుమిషను ఠక్కున ఆగింది. ఆయన భార్య మెడలో టేపు, చేతిలో కత్తెరతో బయటికొచ్చింది.

“ఇల్లు శుభ్రం చేస్తే సామాన్లు పోతాయా తల్లీ? దుమ్మూ ధూళీ దులుపుతుంది కాబోలు, పాపం అడిగి మరీ చేస్తోంది కదా అని ‘అవును’ నొక్కాను. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లో నా చేత్తో గీసుకున్న పిల్లల గౌన్ల నమూనాలు, ఒక్కటి మిగల్లేదు. మూడు వారాలైంది, ఇంకా మనసు కుదుటపడలేదు.”

“క్షమించండమ్మా.”

“నువ్వేం చేస్తావులే. ఈయనే తెచ్చి, ఇందులో తెలుగు ఎంత బాగుందో చూడు చూడు అని ఊదరగొట్టారు. తీరా ఇలా అయ్యాక సమీక్ష రాయమంటే రాయననే కూర్చున్నారు. నేనే పట్టుబట్టి రాయించాను. అసలు ఆ ‘శుభ్రం’ రాసినవాడు నా కంటపడాలి, ఈ కత్తెరతోనే చెబుతాను వాడి సంగతి!”

మంచినీళ్లు తాగుతున్న ప్రూఫ్ రీడరుకు పొలమారింది. ఆవిడ ఆయన నెత్తిన రెండు తట్టి, మళ్లీ మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

“పోనీ సార్, ఒక్క వాక్యమైనా తీసేయండి,” అంది ప్రోగ్రామరు. “‘అనువాదం చేసినవాడు తలకాయ ఎక్కడో పెట్టి మరిచిపోయాడు’ అని రాశారు చూడండి, అది. ఆ మనిషి ‘ఉడుత’ అనే పేరుతో రాస్తారు. ఆడో మగో కూడా మాకు తెలీదు. నాలుగు వేల వాక్యాలు ఒంటిచేత్తో తెలుగులోకి తెచ్చారు. మూడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదు. ఏమైపోయారోనని అందరం కంగారుపడుతున్నాం. ఇప్పుడు ఇది చదివితే...”

“చదవనీ. సమీక్ష మొత్తంలో అక్షరాలా నిజమైన వాక్యం అదొక్కటే.”

ప్రోగ్రామరుకు ఒళ్లు మండింది. నలభై లైబ్రరీలూ ఆ క్షణాన గుర్తులేవు.

“తప్పు మాది సార్! మాటలన్నీ పట్టికలో పేర్చి పంపించేశాం. ఏ మాట ఏ తెర మీద కనబడుతుందో చూపించనే లేదు. ‘క్లీన్’ అనే ముక్క ఒక్కటే ఎదురైతే మీరైనా శుభ్రం అనే రాస్తారు. తిట్టాలంటే నన్ను తిట్టండి. ఉడుతను ఒక్క మాటన్నా ఊరుకోను.”

ఆయన గ్లాసు కిందపెట్టాడు.

“మాటవరసకు అంటున్నావా, నిజంగానే అనుకుంటున్నావా?”

“మనస్ఫూర్తిగా అంటున్నాను.”

“అయితే రాసుకో,” అన్నాడు ఆయన గొంతు సవరించుకుని. “ఆ తెర మీద ఏముండాలో ఇప్పుడే తేల్చేద్దాం.”

“ఉన్నదంతా పోతుంది, సరేనా అని మనిషిలా అడిగితే సరి!” అని కేకేసింది ఆవిడ లోపలి నుంచి. “నేనైతే చచ్చినా నొక్కేదాన్ని కాదు.”

అంతకన్నా మంచి వాక్యం ఇద్దరికీ తట్టలేదు. ‘డిస్కులో ఉన్నదంతా పోతుంది, మళ్లీ రాదు. సరేనా?’ అని రాశారు. ఆవిడ వచ్చి రెండుసార్లు చదివి తలూపింది. పోయిన గౌన్లలో మొదటిది మళ్లీ గీశాననీ, మెడ దగ్గర ఇదివరకటికన్నా బాగా కుదిరిందనీ చెబుతుంటే ఆవిడ ముఖంలో మూడు వారాల దిగులు కాస్త పలచబడింది.

“ఈ మాట ఇవాళే మార్చెయ్. సరిదిద్దారని సమీక్ష కింద నేనే రాస్తాను, లైబ్రరీ అధికారికి అది చూపించు,” అన్నాడు ప్రూఫ్ రీడరు.

ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది. అంతలోనే ఉసూరుమంది. “అనువాదం చేసినవాళ్లు ఒప్పుకోందే వాళ్ల మాట మార్చకూడదని మా నియమం సార్. ఉడుతను అడగాలి.”

“బదులివ్వకపోతే?”

“ఇస్తారు. ఆ మనిషిని నేను నమ్ముతాను.”

అక్కడే కూర్చుని ఫోనులో ఉత్తరం కొట్టింది. ‘ఉడుత గారూ, “శుభ్రం” మార్చడానికి అనుమతి ఇవ్వండి. తప్పు మీది కాదు, మాది. దయచేసి వెనక్కి రండి, మీరు లేక పని సాగడం లేదు.’ పంపించి, ఇద్దరికీ నమస్కారం పెట్టి బయటపడింది.

వీధి మలుపు తిరిగేలోపే ఫోను మోగింది. ఉడుత! ఆమె నడిరోడ్డు మీదే ఆగిపోయి, వెనక వచ్చేవాళ్లు విసుక్కుంటున్నా కదలకుండా ఉత్తరం తెరిచింది.

‘మార్చెయ్ అమ్మాయ్. రేపటి నుంచి మళ్లీ పనిలోకి వస్తాను.

మా ఆవిడకు మాత్రం చెప్పకు.’