కడగని బోటి

కంట్రాక్టరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బోటి కొట్టు ముందు నిలబడ్డాడు.

లోపల బోటివాడు ఉడుకునీళ్ళలో ముంచిన పొట్టను బండమీద పరిచి కత్తితో గీకుతున్నాడు. నల్లటి పొర లేచిపోతుంటే కింద తెల్లటి తువ్వాలు లాంటిది బయటపడుతోంది. అక్కడి కంపు ఎలాంటిదంటే, ఈగలు కూడా కాసేపు బయటికెళ్ళి గాలి పీల్చుకుని మళ్ళీ వచ్చేవి.

"ఒరేయ్, కడిగింది కాదురా. కడగనిది కావాలి."

"కడగనిదా అయ్యగారూ? దాన్నిండా గడ్డీ గాదం ఉంటుంది."

"తినేది మేం కాదులే. కుక్క. ఇలాంటివి మా గుమ్మం తొక్కవు."

ఆ కుక్క పేరు పిడుగు. అది మొరిగితే పక్కవీధిలో పాలు విరిగేవి. కంట్రాక్టరు దాన్ని తెచ్చింది దొంగల కోసం కాదు, కూతురి కోసం. బియ్యం మిల్లు ఓనరు కొడుకుతో సంబంధం ఖాయం చేసుకొస్తే, ఆ పిల్ల చేసుకోనంది. మనసులో ఎవడో ఉన్నాడని తండ్రికి అర్థమైంది. ఎవడన్నది మాత్రం ఎంత గద్దించినా చెప్పలేదు. తల దువ్వుకుని, సెంటు కొట్టుకుని, బండిమీద తిరిగే ఏ సోంబేరో అయి ఉంటాడనుకున్నాడు. పిల్ల ఫోను లాక్కున్నాడు. గేటుకి తాళం వేశాడు. వాకిట్లో పిడుగుని వదిలాడు.

"వాణ్ణి రమ్మను చూద్దాం. పిక్క ఒకచోట, పంట్లాం ఒకచోట దొరుకుతాయి," అన్నాడు.

అలాంటి పిడుగు ఉన్నట్టుండి బిస్కెట్లు మానేసింది. బొచ్చు ఊడింది. పిల్లి ఎదురుగా నడిచిపోతున్నా ఆవులించి ఊరుకుంది. కంట్రాక్టరుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఉపాయం కూతురే చెప్పింది. తండ్రి ఫోన్లోనే వెతికి, వీడియో పెట్టి మరీ చూపించింది.

"సహజాహారం నాన్నా. తోడేలు ముందు తినేది పొట్టేనట. బిస్కెట్లు తినే కుక్క కుక్కలా ఉండదు, గుమాస్తాలా ఉంటుంది."

పిల్ల దారిలో పడిందని తండ్రి పొంగిపోయాడు. అందుకే ఇవాళ కారులో వెంట తెచ్చాడు. ఆమె దిగలేదు. అద్దం కొంచెం దించి, చున్నీ ముక్కుకి అదుముకుని కూర్చుంది.

"నాన్నా, వాణ్ణి అక్కడే నిలబడమను. ఛీ, మనిషా, మురిక్కాలవా?"

"ఏరా, వినబడిందా? దూరం!"

బోటివాడు గోడకి అంటుకుపోయాడు. "అలాగే అమ్మగారూ."

"ప్లాస్టిక్ కవర్లో వెయ్యొద్దను. విషం. ఆ భుజం మీది గుడ్డ ఉందిగా, చేతులు తుడుచుకునేది, అందులో చుట్టివ్వమను. చేత్తోనే తియ్యాలి. గ్లౌజులేస్తే సహజం ఎక్కడుంటుంది?"

"ఆ గుడ్డా? అది చూస్తే డోకొస్తోందే!"

"కుక్కకి మనలా డాబులుండవు నాన్నా. గుడ్డ కూడా దానికే పడెయ్యి, కొరుక్కుంటుంది. పదపద, నాకు తల తిరుగుతోంది."

కంట్రాక్టరు మీసం తడుముకున్నాడు. అసహ్యించుకోవడంలో పిల్ల తనకంటే రెండాకులు ఎక్కువే చదివింది. రక్తం ఎక్కడికి పోతుంది!

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆయనే వెళ్ళి తెచ్చేవాడు. గుడ్డ విప్పడం ఆలస్యం, పిడుగు ఒక్క గుక్కలో మింగేసేది. గుడ్డని పక్కలో పెట్టుకుని పసిపిల్లలా నిద్రపోయేది. ఆ మూట గేటు దాటితే చాలు, కూతురు తలుపులు బిడాయించుకునేది.

ఆ తిండితో పిడుగు పిడుగయింది. ఒళ్ళు అద్దంలా మెరిసింది. పోస్టుమాన్ ఉత్తరాలు రాయికి కట్టి విసిరేవాడు. గ్యాసు అబ్బాయి కరెంటు స్తంభం ఎక్కి, దిగనని అక్కడే అన్నం తెప్పించుకున్నాడు. వీధిలో పిల్లులు సంసారాలతో సహా ఊరు మారాయి.

కంట్రాక్టరు కొట్టు దగ్గర గొప్పలు చెప్పేవాడు. "ఒకసారి మా గేటు దగ్గరికి రారా. నిన్నే బోటి చేస్తుంది."

"నాకెందుకయ్యగారూ ఆ సాహసం," అనేవాడు బోటివాడు కత్తి నూరుకుంటూ.

నిశ్చితార్థం రోజు వచ్చింది. మిల్లు ఓనరు కుటుంబమంతా రైల్లో దిగుతోంది. కంట్రాక్టరు భార్యని వెంటబెట్టుకుని స్టేషనుకి బయల్దేరాడు. కూతురు కొత్త చీర కట్టుకుని, పెదవి మీద నవ్వు కూడా పెట్టుకుంది. గేటుకి తాళం వేసి, కంట్రాక్టరు పిడుగు వైపు వేలు చూపించాడు.

"ఎవడొచ్చినా ఎముక మిగలకూడదు!"

పిడుగు గుర్రుమంది. ఎదురింటి కిటికీలు టపటపా మూసుకున్నాయి.

రెండు కార్ల నిండా వియ్యాలవారిని వేసుకుని తిరిగొచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. తాళం పగిలి నేలమీద పడుంది. మెట్లమీద పిడుగు వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్ళూ ఆకాశానికి చాపి, ఒళ్ళు తెలియని నిద్రలో ఉంది. ఇంట్లో పిల్ల లేదు.

"విషం పెట్టాడు! ఎవడో సెంటు వెధవ నా కుక్కకి విషం పెట్టాడు!" కంట్రాక్టరు వీధి దద్దరిల్లేలా అరిచాడు.

ఎదురింటి ముసలమ్మ కిటికీ రెక్క తీసింది.

"నీ కుక్కకేం కాలేదు నాయనా. తిని పడుకుంది."

"మరి కరవలేదా వాణ్ణి?"

"ఎందుకు కరుస్తుందయ్యా, వాడు లోపలికి రాగానే ఎన్నాళ్ళ చుట్టమో అన్నట్టు రెండు చేతులూ నాకింది, నీ కూతురేమో ఆ ఎంగిలి చేతినే కళ్ళకద్దుకుని బోటివాడి స్కూటరెక్కి వెళ్ళిపోయింది!"