వెండి మిడత

కర్నూలుకు రాజధాని వచ్చింది. అదే ఏడు నందికొట్కూరు దగ్గర కంబన్న జొన్నచేనుకు మిడతలొచ్చాయి. రాజధానికి డేరాలు వేశారు. మిడతలకు ఆ ఖర్చు కూడా లేదు.

సగం చేను పోయింది. మిగిలిన సగమైనా దక్కాలని కంబన్న కొండమీది సామికి వెండి మిడతను మొక్కుకున్నాడు. భార్య గంగక్క కాళ్ల కడియాలు విప్పి చేతిలో పెట్టింది.

"నా కాళ్లు బోడిగా ఉన్నా పర్వాలేదు. చేను బోడి కాకూడదు."

ఇక ఆ కాళ్ల కడియాలు కరిగించి మిడతకు కాళ్లు చేయాలి. చేసేవాడు మద్దిలేటి ఆచారి. ఆయన అంగట్లో వెండి తక్కువ, వెటకారం ఎక్కువ.

కంబన్న గుడ్డమూట విప్పి, నమూనాకు తెచ్చిన మిడతను చూపించాడు. ఆచారి దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏమప్పా, దీనికి ఒక కాలు లేదు, మీసాలూ లేవు. సామికి కుంటిదాన్ని ఇస్తావా? నిండు మిడత ఎట్లుంటాదో నోటితో చెప్పు. మీసం ఏ మాదిరి? దువ్వెనా, పూసలదండా?"

"దారం మాదిరి."

"తొడ?"

"ముల్లంగి గడ్డ. పైన లావు, కింద సన్నం."

"కాలు?"

"రంపం. ముట్టుకుంటే గీరుకుంటాది."

"మొగం?"

"గుర్రం మొగం."

"రెక్కలు?"

"మడిచిన ఇసనకర్ర."

"దారం, ముల్లంగి, రంపం, గుర్రం! నువ్వు చెప్తాండేది పురుగునా, సంతనా? సరే, నోరు?"

కంబన్న ఆ మిడతను తీసుకుని మళ్లీ గుడ్డలో మూట కట్టాడు.

"కొడవలి, ఆచారీ. శానా పదును."

ఆ ఒక్కదానికి మాత్రం ఆచారి నవ్వలేదు.

వారానికి మిడత తయారైంది. ఎగరలేకపోవడం తప్ప దానికి ఏ లోపమూ లేదు. గంగక్క అరచేతిలో పెట్టుకుని మురిసిపోయింది.

"మన చేలో ఉండేటివాటి కంటే ఇదే బాగుండాది."

సోమవారం ఇద్దరూ కొండెక్కారు. బోడి కాళ్లతో గంగక్క ముందు, పసుపుగుడ్డలో మిడతతో కంబన్న వెనక. గుళ్లో కళ్లు మూసుకుని, చేతులు జోడించి నిలబడ్డారు.

కన్ను బాగుపడాలని ఒకరు, కాలు బాగుపడాలని ఒకరు ఇచ్చుకున్న వెండి కళ్ల, వెండి కాళ్ల పక్కనే మిడతనూ పెట్టి, పూజారి అందరికీ చెప్పే మాటే చెప్పాడు: "సామీ, నీ ముందర పెట్టిన ఇది ఏ నొప్పీ, ఏ లోటూ లేకుండా నిండు నూరేళ్లు బలంగా ఉండేట్టు సల్లంగా సూడు."