గండుచీమ బరువు

"మూత తియ్యమ్మా," అంది తనిఖీ ఆవిడ.

అమ్మాయి తన రోబో మూత తీసింది. దాని ముద్దుపేరు గండుచీమ. బంతిని దవడతో కరిచిపట్టుకుని బుట్టలో పడేస్తుంది. పోటీకి వచ్చిన ప్రతి రోబో ముందుగా ఈ బల్ల దాటాలి.

ఆవిడ బ్యాటరీ పక్క సందులోంచి టార్చి వేసి అడుగుదాకా చాలాసేపు చూసింది.

"సోల్డరింగ్ అంతా నువ్వే చేశావా?"

"నేనేనండీ. చూడండి, వేలు కూడా కాలింది."

"ఏ రంగు వైరు వాడావు?"

"పసుపు. మా ఇంట్లో అదొక్కటే ఉంది."

ఆవిడ తలెత్తి చూసింది. తాడుకు అవతల, మిక్సీలు బాగుచేసే మావయ్య మేనకోడలికి హుషారుగా చెయ్యి ఊపుతున్నాడు.

"నియమాలు చదివావా?"

"కంఠతా వచ్చండీ. బరువు మించితే ఈ ఏటికి వెనక్కి. పెద్దవాళ్ల చెయ్యి పడితే ఇక ఎప్పటికీ రానివ్వరు."

ఆవిడ టార్చి ఆర్పింది. గండుచీమను కాటా మీద పెట్టి, ముల్లు నిలవకముందే దించేసింది.

"బరువు ఎక్కువుందమ్మా."

"లేదండీ! ఇంట్లో తూచుకునే వచ్చాను!"

"వచ్చే ఏడు రా. తప్పకుండా రా," అంటూ ఆవిడ తల నిమరబోయింది.

అమ్మాయి ఆ చేతిని విదిలించేసింది. వెళుతూ వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మావయ్య ఊరుకుంటాడా! నిప్పు తొక్కిన కోతిలా ఎగిరాడు.

"పసిదాని నోటి దగ్గర కూడు లాగేస్తారా? మళ్లీ తూచండి! అందరి ముందూ తూచండి!"

నిర్వాహకుడు వచ్చేసరికి పోటీ కాస్తా అయిపోయింది. అయినా తూచారు. బరువు సరిగ్గానే ఉంది.

"ఏమిటండీ ఇది?" అన్నాడాయన.

ఆవిడ అమ్మాయి కేసి ఒక్కసారి చూసింది.

"నాదే పొరపాటు."

"అయితే ఇక మీరు రానక్కర్లేదు."

ఆవిడ మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టి, చేతిసంచి భుజాన వేసుకుంది. మావయ్య చప్పట్లు కొట్టాడు. అమ్మాయి కూడా కొట్టింది.

మర్నాడు అమ్మాయి నేల మీద కూర్చుని గండుచీమను విప్పసాగింది. వచ్చే ఏటికి ఇంకా గట్టిగా కట్టాలి. మావయ్య టీ తాగుతూ నిన్నటి కథ అమ్మకు మళ్లీ మొదటినుంచి చెబుతున్నాడు.

"దాని కుర్చీ కిందికి నీళ్లు తెచ్చానక్కా! ఏమే కోడలుపిల్లా, నీ కోసం ఈ మావయ్య ఏమైనా చేస్తాడు, తెలుసా?"

అమ్మాయి బ్యాటరీ పైకెత్తింది.

అడుగున దవడ మోటారు ఉంది. దానికి తను వేసిన పసుపు వైరును ఎవరో కత్తిరించి పక్కకు మడిచేశారు. ఆ చోట నీలం వైరు, ముత్యమంత నున్నగా అతికించి ఉంది.

నీలం వైరు చుట్టలు ఆమె చూసింది ఒక్కచోటే, మావయ్య దుకాణంలో.

"మావయ్యా... నేను చేసింది ఊడిపోతుందనుకున్నావా?"

టీ గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

"అది కాదే... నువ్వు గెలవాలనే... ఎవరికి తెలుస్తుందిలే అని..."

టార్చి వెలుగులో అంతా చూసి కూడా, తనకు వచ్చే ఏడు మిగలాలని బరువు మీద అబద్ధం ఆడిన ఆ ఒక్క మనిషినీ నిన్న తనే చప్పట్లు కొట్టి మరీ పంపించేసింది.