గరగరమ్మ ఒత్తులు

"గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పలుకు," అన్నారు స్పానిష్ మాస్టారు. "గడ్డం ఎన్నిసార్లు దిగితే మాటకి అన్ని ముక్కలు."

"కో-సీ-నా." అంటే వంటగది. గరగరమ్మ గడ్డం మూడుసార్లు దిగింది.

"ఒత్తు దేనిమీద?"

"అచ్చుతో ముగిసింది కాబట్టి చివరి నుంచి రెండోదానిమీద. సీ!" అంటూ బల్లమీద పిడికిలితో ఒక్కటి గుద్దింది. బల్లకి అరచెయ్యి ఆనించి కూర్చున్న మాస్టారు తలాడించారు.

గరగరమ్మ అన్న పేరు ఆమె అంట్లు తోమే హోటల్లో తోటివాళ్లు పెట్టిందే. చిన్నప్పుడు గొంతుకి ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆమె నోరు విప్పితే తుప్పు పట్టిన గేటు తీసినట్టే. అంట్లు తోమడానికి గొంతుతో పనేముంది గనక! కానీ ఇప్పుడు ఓడలో వంటమనిషి ఉద్యోగం ఖాళీ పడింది. అక్కడి పెద్ద వంటవాడికి స్పానిష్ తప్ప మరో ముక్క రాదు. అతని ఎదుట నిలబడి మాట్లాడాలి, లేదంటే జన్మంతా అంట్లే.

మొదట వెళ్లిన టీచరమ్మ ఫక్కున నవ్వింది. రెండో ఆయన "జలుబు తగ్గాక రామ్మా" అన్నాడు. ఈయన మొహం చిట్లించలేదు సరికదా, "వెలుతురులోకి జరుగు, మొహం దించకు, నోరారా పలుకు" అని రోజూ ప్రాణం తీసేవారు.

ఓసారి పలకమీద 'సర్తేన్' అని రాశారు. పెనం.

"ఎన్‌తో ముగిసినా అంతే కదా... ఒత్తు 'సర్' మీద?"

"'తే' నెత్తిన గీత కనపడటంలా? గీత ఉంటే గీతదే రాజ్యం. ఒత్తు చెవికి కాదమ్మా, కంటికి తెలియాలి."

పరీక్షలో పెద్ద వంటవాడు నవ్వనే నవ్వాడు. మాస్టారి మొహం తలుచుకుని ఆమె ఆపలేదు. చెంచా నుంచి చక్కెర దాకా ఒక్క ఒత్తూ తప్పకుండా అప్పజెప్పింది. అతగాడి నవ్వు దానంతటదే ఆగిపోయింది.

ఉద్యోగం కాగితం చేతికిస్తే మాస్టారు "శభాష్!" అని బల్ల గుద్దారు. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. అది కనపడకుండా గుమ్మంవైపు తిరిగి చెప్పులు వెతుక్కుంటూ అంది.

"నా గొంతుని ఏవగించుకోనిది మీరొక్కరే మాస్టారూ. ఆ ధైర్యంతోనే గట్టెక్కాను."

జవాబు లేదు. ఆమె ప్రాణం చివుక్కుమంది. అదే మాట మళ్లీ, ఇంకాస్త గట్టిగా అంది. అయినా ఉలుకూ పలుకూ లేదు.

టీ కప్పులతో వచ్చిన మాస్టారి భార్య ఆమె భుజం తట్టింది.

"ఇటు తిరిగి చెప్పమ్మా, ఆయనకి బ్రహ్మచెవుడు."